తుడిచినా తగ్గని టేబుళ్లు

రాత్రి పదకొండుకు మెయింటెనెన్స్ మొదలవుతుంది, తెల్లారేలోపు ముగుస్తుంది. లాగ్‌లో తప్పులేవీ ఉండవు. పొద్దున్నే డిస్క్ లెక్క చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. టేబుల్ నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంది. ఇండెక్స్ ఓ పిసరు పెరిగినా పెరిగి ఉండొచ్చు. డేటాబేస్ చూసుకునే కుర్రాణ్ని పైవాళ్లు అడిగే ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఒకటే: "పాత రికార్డులు లక్షల్లో తీసేశామన్నావు కదయ్యా, మరి ఖాళీ అయిన జాగా ఏదీ?"

ఈ ప్రశ్న మీద యాభై ఏళ్ల పరిశోధన ఉంది, పాతికేళ్ల తగాదాలూ ఉన్నాయి. అవన్నీ చదివాక నాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. రోజువారీ మెయింటెనెన్స్ జాగాను డిస్క్‌కు వాపసు ఇవ్వడానికి పుట్టలేదు. ఖాళీ అయిన జాగాను టేబుల్ లోపలే మళ్లీ వాడుకునేలా చేయడం దాని పని. టేబుల్ విషయంలో ఆ పని బాగానే చేస్తుంది. ఇండెక్స్ దగ్గరకు వచ్చేసరికి సగమే చేయగలుగుతుంది. చాలామంది రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూస్తారు కాబట్టి అసలు రోగం ఎక్కడుందో కనబడదు.

ఆంధ్రప్రదేశ్‌లోని మా కుప్పానికి డేటాబేస్ కొత్త సంగతేమీ కాదు. రాష్ట్రమంతటా 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ను కంప్యూటర్ ఎక్కించిన కార్డ్ ప్రాజెక్టు 1998 నవంబరు 4న మొదలైంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడే ఐ-కమ్యూనిటీ పెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు వచ్చాయి, స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు సోలార్ పలకతో నడిచే ప్రింటరు పట్టుకుని ఫొటోలు తీసి అక్కడికక్కడే ఇచ్చారు. 2025లో కుప్పం ప్రభుత్వాసుపత్రికి టాటా వాళ్ల డిజిటల్ నెర్వ్ సెంటర్ వచ్చింది. వీటి వెనక ఏ సాఫ్ట్‌వేర్ నడిచిందీ, నడుస్తోందీ అన్నది ఇక్కడి చర్చ కాదు. చిన్న నర్సింగ్ హోములో, కాలేజీ ఆఫీసులో, గ్రానైట్ ఫ్యాక్టరీలో టేబుల్ కింద ఒక సర్వర్ ఉంటుంది, దానికంటూ ప్రత్యేకంగా డీబీఏ ఉండడు. పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే మనవాళ్లలో ఎవరో ఒకరు ఆదివారం పూట వచ్చి చూసిపోతారు. ఇలాంటి చోట ఎంత జాగా ఎందుకు పోయిందో తెలియకపోతే ఇంకో డిస్క్ కొనడమే దారి అనిపిస్తుంది.

అన్ని టేబుళ్లూ ఒక్కలా పెరగవు. దస్తావేజు ఒకసారి ఎక్కితే దాదాపు అలాగే ఉంటుంది. పాల కేంద్రంలో రెండు పూటలా లీటర్లు, వెన్న శాతం రాసుకుంటారు, తర్వాత వాటి జోలికి ఎవరూ పోరు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర రోజూ మారుతుంది కానీ నిన్నటి ధర వరస మారదు, ఇవాళ్టికి కొత్త వరస చేరుతుంది. ఇలాంటి టేబుళ్లు డేటా ఉన్నంత మేరకే పెరుగుతాయి. వాటికి మెయింటెనెన్స్ చేసినా జాగా తగ్గదు, ఎందుకంటే అక్కడ వృథాయే లేదు. ఆస్పత్రి ఓపీ టేబుల్ వేరే రకం. చీటీ రాసినప్పుడు ఒక వరస పుడుతుంది. బీపీ చూశాక, డాక్టర్ దగ్గరకు వెళ్లాక, ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక, మందులిచ్చాక, బిల్లు కట్టాక అదే వరస మారుతూ పోతుంది. ఉబ్బు వచ్చేది ఇక్కడే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వరసను అప్‌డేట్ చేస్తే పాతదాన్ని చెరిపి రాయదు. పక్కన కొత్త ప్రతి రాసి, పాతదాని మీద చెల్లిందని గుర్తు వేస్తుంది. ఆ పాతదాన్ని అప్పటికే చదువుతున్న వాళ్లు ఉండొచ్చు కాబట్టి వెంటనే తీసేయకూడదు. కాగితం మీద లెక్క వేద్దాం. ఓపీ వరస తన తలభాగం 24 బైట్లతో కలిపి 128 బైట్లు అనుకుందాం. పేజీలో దాని చోటు చూపే గుర్తుకు ఇంకో 4. పేజీ 8192 బైట్లు, కాబట్టి పేజీకి 61 వరసలు. 10 లక్షల వరసలకు 16,394 పేజీలు, అంటే సుమారు 128 ఎంబీ. ఎవరో ఒక కొత్త కాలమ్ నింపడానికి అన్ని వరసల్నీ ఒకేసారి అప్‌డేట్ చేశారు. టేబుల్ 256 ఎంబీ అయింది. చెల్లిన ప్రతుల్ని ఏరేసే మెయింటెనెన్స్ పని, వాక్యూమ్, నడిపారు, 256 ఎంబీయే ఉంది. మళ్లీ అన్నిటినీ అప్‌డేట్ చేశారు, ఇప్పుడూ 256 ఎంబీయే. కొత్త ప్రతులు ఖాళీ అయిన పాత చోట్లలోకి వెళ్లాయి. వాక్యూమ్ నడవకపోయి ఉంటే 384 అయ్యేది, ఆ తర్వాత 512 అయ్యేది. సైజు తగ్గలేదని తిట్టుకునే మనిషికి ఆ ఆగిపోయిన పెరుగుదల కనబడదు.

ఒక్కోసారి వాక్యూమ్ నిజంగానే జాగా వాపసు ఇస్తుంది. టేబుల్ చివర్న వరసగా పూర్తిగా ఖాళీ పేజీలు ఉంటే వాటిని కత్తిరించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. అలా ఖాళీ అయినవి కనీసం 1000 పేజీలో, టేబుల్‌లో పదహారో వంతో ఉంటేనే ఆ పనికి పూనుకుంటుంది. పైగా ఆ కాసేపు టేబుల్ మీద గట్టి లాక్ కావాలి, ఎవరైనా అడ్డొస్తే వదిలేసి పోతుంది. చివరి పేజీలో ఒకే ఒక్క బతికున్న వరస ఉన్నా దాని ముందున్న ఖాళీ అంతా అలాగే ఉండిపోతుంది. కొత్త చీటీలు ఎప్పుడూ చివర్న చేరే టేబుల్‌లో తోక ఖాళీ కావడం అరుదు.

ఇండెక్స్ సంగతి ఇంతకన్నా మొండిది.

టేబుల్‌లో ఖాళీ చోటు ఎవరికైనా పనికొస్తుంది. బెంగళూరు రైల్లో జనరల్ బోగీ చూడండి, కుప్పంలో ఒకరు దిగితే ఆ సీట్లో అక్కడ ఎక్కినవారు ఎవరైనా కూర్చుంటారు. ఇండెక్స్ రిజర్వేషన్ బోగీ లాంటిది, నంబరు ప్రకారమే కూర్చోవాలి. బీ-ట్రీ ఇండెక్స్‌లో ప్రతి ఆకు పేజీకీ ఒక విలువల హద్దు ఉంటుంది, ఆ హద్దులోకి వచ్చే విలువకే అక్కడ చోటు. ఓపీ నంబరు మీద ఇండెక్స్ ఉందనుకోండి. నంబర్లు పెరుగుతూనే పోతాయి, కొత్తవన్నీ కుడి చివర్నే చేరతాయి. ఎడమవైపు ఎన్ని ఖాళీలు పడ్డా అటు ఎవరూ రారు.

ఇప్పుడు పాత సంవత్సరాల చీటీలన్నీ తీసేద్దామని నిర్ణయించారు, మెడికో లీగల్ కేసులు మాత్రం ఉంచాలి. అవి నూటికి ఒకటి, అక్కడక్కడా చెదిరి ఉన్నాయి. నూటికి 99 వరసలు డిలీట్ అయ్యాయి, వాక్యూమ్ కూడా అయింది. టేబుల్‌లో పేజీకి 61 వరసలే కాబట్టి సగానికి పైగా పేజీలు పూర్తిగా ఖాళీ అవుతాయి, మిగతావీ దాదాపు ఖాళీయే, కొత్త చీటీలన్నీ వాటిలో సర్దుకుంటాయి. ఇండెక్స్‌లో ఒక్కో ఆకు పేజీకి సుమారు 366 నంబర్లు పడతాయి. నూటికి ఒకటి చొప్పున పేజీకి మూడు నాలుగు నంబర్లు మిగిలిపోతాయి. పూర్తిగా ఖాళీ అయ్యే పేజీలు నూటికి రెండో మూడో. పోస్ట్‌గ్రెస్ పూర్తిగా ఖాళీ అయిన ఆకు పేజీనే తీసేసి మళ్లీ వాడుతుంది, సగం ఖాళీగా ఉన్న రెండింటిని కలపదు. కాబట్టి 99 శాతం వరసలు పోయినా 97 శాతం ఇండెక్స్ పేజీలు మూడు నాలుగు నంబర్లను పట్టుకుని కూర్చుంటాయి. ఏ వాక్యూమూ వాటిని కదిలించదు.

ఇది బద్ధకం వల్ల వచ్చిన లోపం కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం. పేజీలో సగం ఖాళీ అవగానే పక్కదానితో కలపాలని బీ-ట్రీ తొలి పుస్తకాలు చెప్పాయి. థియొడోర్ జాన్సన్, డెనిస్ షాషా ఆ సంగతి లెక్కగట్టి చూశారు. డిలీట్ల కన్నా ఇన్సర్ట్‌లు కొంచెం ఎక్కువున్నా చాలు, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగితే జాగా నష్టం స్వల్పం, పేజీలు కలిపే విడగొట్టే శ్రమ మాత్రం చాలా తగ్గుతుందని తేల్చారు. మామూలు రోజుల్లో ఆ మాట నిజమే. పాత డేటాలో అక్కడక్కడా కొన్ని మిగిల్చి తీసేసే మన ఓపీ టేబుల్ లాంటి చోట ఆ లెక్క పనిచేయదు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఇంకో దారి పట్టింది. పేజీ 50 శాతం కన్నా తక్కువ నిండితే పక్క పేజీతో కలపడానికి చూస్తుంది. అక్కడ ఇదే డిలీట్ జరిగితే ఇండెక్స్ పేజీలు చాలావరకు విడుదలవుతాయి. అయితే విడుదలైన పేజీలు ఆ టేబుల్‌స్పేస్ ఫైల్‌లోనే ఉంటాయి, ఫైల్ సైజు మళ్లీ అంతే.

ఇండెక్స్‌ను తిరగ కట్టేస్తే పోలా? పోతుంది. కానీ ఎంత పోతుంది, ఎన్నాళ్లు పోతుంది అన్నది అడగాలి. యాదృచ్ఛికంగా వచ్చే విలువలు చేరుతూ పోతే ఇలాంటి చెట్టు సుమారు 69 శాతం నిండి స్థిరపడుతుందని ఆండ్రూ యావో 1978లోనే నిరూపించాడు. పోస్ట్‌గ్రెస్‌లో రీఇండెక్స్ చేస్తే ఆకులు 90 శాతం నిండుతాయి. అంటే రోగి ఫోన్ నంబరు మీదున్న ఇండెక్స్, ఏ రోగమూ లేని ఇండెక్స్ కూడా, రీఇండెక్స్ చేయగానే నాలుగో వంతుకు కాస్త తక్కువ మేర చిక్కుతుంది. రిపోర్టులో పెట్టుకోవడానికి అంకె బాగుంటుంది. వారాలు గడిచేకొద్దీ బిగుతుగా నిండిన పేజీలు ఒక్కొక్కటే విడిపోతూ మళ్లీ 69 దగ్గరకే చేరతాయి. ఆ విడిపోయే కాలంలో రాతలు నెమ్మదిస్తాయి, లాగ్ ఫైళ్లు లావెక్కుతాయి. వారం వారం రీఇండెక్స్ పెట్టుకున్నవాళ్లు ఈ ఎక్కే దిగే ఖర్చును వారం వారం కడుతున్నారన్నమాట. ఒరాకిల్ లోకంలో ఇదే తగాదా ఏళ్ల తరబడి నడిచింది. రిచర్డ్ ఫుట్ ఇండెక్స్ బ్లాకుల్ని డంప్ తీసి చూపించి, డిలీట్ అయిన చోటు తర్వాతి ఇన్సర్ట్‌కు పనికొస్తుందనీ, నెలనెలా రీబిల్డ్ చాలాచోట్ల ఉత్త ఆచారమేననీ వాదించాడు. ఆయన పక్షమే నాకు సబబుగా తోస్తుంది, పైన చెప్పిన ఎడమవైపు పలచబడిన ఇండెక్స్ ఒక్కటీ మినహాయింపు. ఆ మినహాయింపును ఆయనా ఒప్పుకున్నాడు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్ల కథ కొంచెం నవ్వు తెప్పిస్తుంది. ఫ్రాగ్మెంటేషన్ 5 శాతం దాటితే రీఆర్గనైజ్, 30 దాటితే రీబిల్డ్ అన్న సూత్రాన్ని ఒక తరం మొత్తం కంఠస్థం చేసింది. ఆ అంకెలు పెట్టింది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన పాల్ రాండల్. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఆ అంకెలు ఎంచానని ఆయనే తర్వాత రాశాడు. ఇంతకన్నా పెద్ద ముచ్చట ష్రింక్‌ది. డేటా ఫైల్‌ను ష్రింక్ చేస్తే అది చివరి పేజీల్ని ఎత్తి ముందున్న ఖాళీల్లో వేస్తుంది, దాంతో ఇండెక్స్ వరస తలకిందులవుతుంది. మర్నాటి జాబ్ ఫ్రాగ్మెంటేషన్ చూసి రీబిల్డ్ చేస్తుంది. రీబిల్డ్‌కు కొత్త జాగా కావాలి కాబట్టి ఫైల్ మళ్లీ పెరుగుతుంది. పెరిగిందని మళ్లీ ష్రింక్. రెండు జాబులూ ఒకే షెడ్యూల్‌లో పెట్టుకున్న సర్వర్లు ఏళ్లకేళ్లు ఇలా తమలో తాము పోట్లాడుకుంటూ ఉంటాయి.

ఎంత ఇరుకైనా చాలామంది చివరికి చేరేది టేబుల్‌ను మొత్తం తిరగరాయడానికే. పోస్ట్‌గ్రెస్‌లో వాక్యూమ్ ఫుల్, మైఎస్‌క్యూఎల్‌లో ఆప్టిమైజ్ టేబుల్, ఒరాకిల్‌లో మూవ్, ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్‌లో వాక్యూమ్. పేర్లు కలవడం వల్ల ఒక ప్రమాదం ఉంది. ఎస్‌క్యూలైట్ వాక్యూమ్ ఫైల్‌ను నిజంగా తగ్గిస్తుంది, పోస్ట్‌గ్రెస్ మామూలు వాక్యూమ్ తగ్గించదు. 2010లో 9.0 వచ్చేదాకా పోస్ట్‌గ్రెస్ వాక్యూమ్ ఫుల్ వరసల్ని ఉన్నచోటే జరుపుతూ టేబుల్‌ను చిక్కించి ఇండెక్స్‌ను ఉబ్బించేది. ఇప్పుడు కొత్త ఫైల్ రాసి, ఇండెక్స్‌లన్నీ కొత్తగా కట్టి, పాతవి పారేస్తుంది. అందుకే డిస్క్ నిండిపోయిందని వాక్యూమ్ ఫుల్ కొట్టబోతే చేయడానికే జాగా చాలదు. ఆ సేపంతా టేబుల్‌ను చదవడానికీ వీల్లేదు. ఓపీ కౌంటర్ ముందు లైను ఉన్నప్పుడు చేసే పని కాదది. ఎక్కువసేపు లాక్ పట్టకుండా ఇదే పని చేసే పీజీ రీప్యాక్ ఉంది, ఇండెక్స్ ఒక్కదానికే అయితే 2019లో వెర్షన్ 12తో వచ్చిన రీఇండెక్స్ కంకరెంట్లీ చాలు. రెండో ప్రతికి సరిపడా జాగా మాత్రం వీటికీ కావాలి.

మెయింటెనెన్స్ నడుస్తూనే ఉన్నా టేబుల్ పెరుగుతోందంటే రెండు చోట్ల వెతకాలి. మొదటిది, ఏదో మార్పు చేసి కమిట్ కొట్టకుండా వదిలేసిన సెషన్. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ స్క్రీన్ అలాగే వదిలేస్తే, ఆ ట్రాన్సాక్షన్ మొదలైన తర్వాత చెల్లిపోయిన వరసల్ని డేటాబేస్‌లో ఏ టేబుల్ నుంచీ వాక్యూమ్ తీయలేదు. ఇలాంటి సెషన్లను కోసేసే టైమవుట్ 2016లో 9.6తో వచ్చింది, మనం పెట్టుకుంటే తప్ప అది పనిచేయదు. రెండోది, ఆటోవాక్యూమ్ ఎప్పుడు మేల్కొంటుందన్నది. చచ్చిన వరసలు 50, దానికి తోడు మొత్తం వరసల్లో 20 శాతం దాటాలి. 10 లక్షల టేబుల్‌కు అది 2,00,050. 10 కోట్ల టేబుల్‌కు రెండు కోట్ల పైమాట, అన్ని పోగుపడేదాకా ఆటోవాక్యూమ్ కదలదు. పెద్ద టేబుల్ ఒక్కదానికే ఆ శాతాన్ని 1కో 2కో తగ్గించడం ఈ వ్యాసం మొత్తంలో అతి చవకైన మందు.

ఇంకో మందు వింతగా ఉంటుంది: టేబుల్‌ను కావాలనే కాస్త పెద్దగా ఉంచడం. 2008లో 8.3తో హాట్ అప్‌డేట్ వచ్చింది. ఇండెక్స్ ఉన్న కాలమ్ మారకపోతే, కొత్త ప్రతికి అదే పేజీలో చోటుంటే, ఇండెక్స్‌లో కొత్త గుర్తు వేయనక్కర్లేదు. ఫిల్‌ఫ్యాక్టర్ 100 బదులు 80 పెడితే ప్రతి పేజీలో ఐదో వంతు ఖాళీ ఉంచి నింపుతుంది. మొదటి రోజు టేబుల్ పావువంతు పెద్దది, ఆరు నెలలకు చూస్తే ఇండెక్స్‌లన్నీ నిలకడగా ఉంటాయి. రోగి ఏ దశలో ఉన్నాడో చెప్పే కాలమ్ మీద ఎవరైనా ఉత్సాహపడి ఇండెక్స్ పెట్టారా, ఈ లాభం అంతా పోయినట్టే, ఎందుకంటే మాటిమాటికీ మారేది ఆ కాలమే. 2021లో వచ్చిన వెర్షన్ 14, పేజీ విడగొట్టే ముందు అందులోని పాత ప్రతుల గుర్తులను ఏరిపారేసే పద్ధతి తెచ్చి ఈ దెబ్బను కొంత తగ్గించింది.

పాత ప్రతుల్ని టేబుల్‌లోనే ఉంచడమే తప్పని వాదించేవాళ్లున్నారు. ఉబర్ కంపెనీ పోస్ట్‌గ్రెస్ వదిలి మైఎస్‌క్యూఎల్‌కు వెళ్లడానికి 2016లో చెప్పిన కారణాల్లో ఇదొకటి, కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ ఆండీ పావ్లో 2023లో ఇంకా ఘాటుగా రాశాడు. ఆ మాటలో పస ఉంది. అయితే ఒరాకిల్, ఇన్నోడీబీ పాత ప్రతుల్ని అన్‌డూ చోటికి పంపుతాయి, వదిలేసిన సెషన్ ఉంటే అక్కడ ఆ అన్‌డూ ఉబ్బుతుంది. చెత్త చోటు మారింది, అంతే. 1987లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ రాసిన అసలు నమూనాలో వాక్యూమ్ పని పాత ప్రతుల్ని ఆప్టికల్ డిస్క్ భాండాగారానికి తరలించడం, దాంతో గతంలో ఏ రోజు డేటా ఎలా ఉందో అడిగి చూడొచ్చు. తర్వాత ఆ సౌకర్యాన్ని తీసేశారు, వాక్యూమ్ మాత్రం మిగిలింది. ఎల్‌ఎస్‌ఎం తరహా డేటాబేస్‌లు చెరిపి రాయడాన్నే మానేసి వెనక కలుపుకుంటూ పోతాయి. ఫేస్‌బుక్ ఆ దారిలో మైరాక్స్‌కు మారి తన ప్రధాన డేటాబేస్‌లో సగానికి పైగా జాగా మిగుల్చుకుంది. కుప్పం నర్సింగ్ హోముకు ఆ బరువు అక్కర్లేదు.

సైజు గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. "కుప్పం" అన్న మాటలో ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో అదే మాట ఆరు బైట్లు. ఊరి పేరును ప్రతి చీటీలోనూ తెలుగులో రాసి దాని మీద ఇండెక్స్ కూడా పెడితే పోయే జాగాను ఏ మెయింటెనెన్సూ తేలేదు. ఊళ్ల పేర్లు వేరే టేబుల్‌లో ఉంచి ఇక్కడ అంకె పెట్టుకుంటే తెలుగూ నిలుస్తుంది, జాగా కూడా మిగులుతుంది.

పాత డేటా తీసేయడమే అవసరమైతే డిలీట్ కన్నా పార్టిషన్ మేలు. నెలకో పార్టిషన్ పెడితే ఆ నెల మొత్తాన్ని ఒక్క ఆజ్ఞతో పారేయొచ్చు, దాని టేబుల్, ఇండెక్స్‌లు పట్టిన జాగా అంతా అప్పటికప్పుడు డిస్క్‌కు తిరిగొస్తుంది. ఉంచాల్సిన మెడికో లీగల్ కేసుల్ని ముందే వేరే టేబుల్‌కు ఎత్తిపెట్టాలి. నడుస్తున్న ఓపీ టేబుల్‌ను ఇలా మార్చాలంటే ఒక చిక్కుంది. పోస్ట్‌గ్రెస్‌లో పార్టిషన్ చేసిన టేబుల్‌కు యునీక్ కీ పెట్టాలంటే పార్టిషన్ కాలమ్ కూడా అందులో ఉండి తీరాలి. ఓపీ నంబరు ఒక్కటే కీగా ఉండడం కుదరదు, తేదీ కూడా కలవాలి. ల్యాబ్, మందుల షాపు, బిల్లింగ్ టేబుళ్లన్నీ ఆ నంబరునే పట్టుకుని ఉంటాయి, వాటన్నిటిలోనూ తేదీ కాలమ్ చేర్చాలి. అందుకే ఈ పని సాఫ్ట్‌వేర్ కొత్తగా రాయించుకునేటప్పుడే అడగాలి, డిస్క్ నిండాక కాదు.